వెనక్కి నడిచేవాడికి కళ్ళెవరు?

పాత పెళ్ళి క్యాసెట్టు ఎప్పుడైనా మళ్ళీ వేసుకుని చూశారా? 1990ల్లో తీసిందైతే మరీ మంచిది. పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి తెస్తుంటాడు. వీడియో లైటు మొహాల మీద పడగానే ముందు వరసలో కూర్చున్న పెద్దాళ్ళందరూ కళ్ళు చికిలిస్తారు. ఫ్రేము అంచున ఒక చెయ్యి, ఆ చేతిలో సన్‌గన్, దాని వెనకాల నల్ల వైరు. ఆ చెయ్యి లైట్ బాయ్‌ది. మూడు గంటల క్యాసెట్టులో అతని మొహం ఒక్కసారి కూడా కనపడదు.

మా మైలవరంలోనే కాదు, బెజవాడ చుట్టుపక్కల ఏ ఊళ్ళో అయినా అప్పట్లో వీడియో తియ్యడం ఇద్దరి పని. భుజం మీద బరువైన కెమేరాతో ఒకాయన, వెయ్యి వాట్ల హాలోజన్ దీపంతో పక్కనే ఒక కుర్రాడు. కుర్రాడి ఉద్యోగం పేరుకి లైటు పట్టుకోవడం. చేసే పని ఇంకోటి కూడా ఉండేది. ఊరేగింపు ముందుకొస్తుంటే కెమేరా ఆయన దానికి ఎదురుగా ఉండి వెనక్కి వెనక్కి నడవాలి కదా! అప్పుడు ఈ కుర్రాడు ఒక చేత్తో లైటు ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో ఆయన చొక్కా వెనక పట్టుకుని నడిపించేవాడు. "అన్నా, మెట్టుంది." "అన్నా, కుడికి రాకు, కాలవ." "అన్నా ఆగాగు, టపాకాయలు పెట్టారు." ఆ అరుపులన్నిటినీ తర్వాత మిక్సింగులో సన్నాయి వేసి కప్పేసేవాళ్ళు.

ఆ తర్వాత కెమేరాలు మారాయి. 2008లో కేనన్ 5డి మార్క్ 2 వచ్చాక ఫొటోలు తీసే కెమేరాతోనే మంచి వీడియో తియ్యొచ్చని అందరికీ తెలిసింది. పెద్ద సెన్సరు, తక్కువ వెలుగులో కూడా బొమ్మ బ్రహ్మాండం. నెమ్మదిగా సన్‌గన్ అటకెక్కింది. కెమేరా నెత్తి మీద చిన్న ఎల్ఈడీ దీపం వచ్చి కూర్చుంది. తర్వాత గింబల్, ఆ తర్వాత డ్రోన్. లైటు అవసరం లేనప్పుడు లైట్ బాయ్ ఎందుకు? తీసేశారు. లెక్క ప్రకారం సరైన పనే.

మన భాషలో చెప్పాలంటే, ఎవరూ వాడట్లేదు అనుకుని పాత సర్వర్ మీద ఒక ప్రోగ్రామ్ ఆపేశారనుకోండి. దాని డాక్యుమెంటులో ఒకటే పని రాసి ఉంది, ఆ పని ఇప్పుడు అక్కర్లేదు. నెల రోజులు ఏమీ కాదు. ఒకరోజు రాత్రి రెండింటికి ఇంకెక్కడో ఏదో పడిపోతుంది. తీరా తవ్వి చూస్తే అది రాయని పని ఇంకోటి కూడా చేస్తూ ఉండేదని తేలుతుంది. లైట్ బాయ్ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. లైటుతో పాటు కెమేరా ఆయన వీపుకున్న కళ్ళు కూడా పోయాయి. పోయినట్టు ఎవరూ గమనించలేదు, ఎందుకంటే ఆ కళ్ళకి ఎప్పుడూ విడిగా జీతం ఇవ్వలేదు.

ఇక్కడే ఒక మాట. నేనేదో పాతరోజులు బంగారం అనట్లేదు. లైట్ బాయ్ అంటే పేరుకి తగ్గట్టు బాయే, బళ్ళో ఉండాల్సిన వయసువాడు చాలాసార్లు. షాకులు కొట్టింది వాడికే, వేడికి చేతులు కాలింది వాడికే. ఆ వైరుకి చివర ప్లగ్గు ఉండేది కాదు. రెండు తీగల కొసలు సాకెట్టులో దూర్చి, అగ్గిపుల్లలు గుచ్చి బిగించేవాళ్ళు. ఆ కాలం తిరిగి రావాలని ఎవడూ కోరుకోడు. నేను అనేదల్లా ఆ రెండో మనిషి చేసిన రెండో పని గురించే.

కెమేరా పట్టుకున్నవాడికి లోకం ఎలా కనిపిస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? భుజం మీద కెమేరా ఉన్న రోజుల్లో కుడి కన్ను వ్యూఫైండర్‌లో, కుడి పక్కంతా కెమేరానే అడ్డం. అనుభవం ఉన్నవాళ్ళు ఎడమ కన్ను తెరిచి ఉంచడం అలవాటు చేసుకునేవాళ్ళు. ఇప్పుడు గింబల్ మీద రెండు కళ్ళూ కలిపి అరచేతంత తెర మీదే ఉంటాయి. పైగా గింబల్ మీద ఎక్కువగా వాడేది వైడ్ లెన్సు. దానిలో ప్రతిదీ ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. ఎడ్ల పందెంలో గిత్త ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉందనుకుంటాడు, అది పది అడుగుల్లో ఉంటుంది. రైలు కూడా అంతే.

కళ్ళు తెరిచి ఉన్నా బుర్ర చూడదు, అది ఇంకో తంటా. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనే ఇద్దరు సైకాలజిస్టులు చేసిన గొరిల్లా ప్రయోగం మీలో చాలామంది ఏదో ఒక ట్రైనింగులో చూసే ఉంటారు. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమంటారు, మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడిచొచ్చి గుండెలు బాదుకుని పోతుంది, చూసినవాళ్ళలో సగం మందికి అసలు గొరిల్లా కనిపించదు. పెళ్ళిలో వీడియో తీసేవాడు ఆ బంతి లెక్కపెట్టే పనే ఆరేడు గంటలు చేస్తాడు. ఫోకస్, ఎక్స్‌పోజర్, బ్యాటరీ, తలంబ్రాల గిన్నె, మధ్యలో అడ్డొచ్చే పెళ్ళికొడుకు బావ. కాబట్టి "జాగ్రత్తగా ఉండాలి బాబూ" అని చెప్పి ఊరుకుంటే లాభం లేదు. జాగ్రత్తగా ఉండటానికి వాడి దగ్గర మిగిలిన బుర్ర లేదు. పక్కవాడి బుర్ర కావాలి.

సినిమావాళ్ళకీ టీవీ ఆటల ప్రసారాలవాళ్ళకీ ఇది ఎప్పుడో తెలుసు. స్టెడీక్యామ్‌తో వెనక్కి పరిగెత్తేవాడి నడుం మీద చెయ్యి వేసి నడిపించే మనిషి ఒకడుంటాడు. తెలిసినా కూడా ఘోరాలు జరిగాయి. 2014 ఫిబ్రవరి 20న అమెరికాలో జార్జియా రాష్ట్రంలో 'మిడ్‌నైట్ రైడర్' అనే సినిమా షూటింగు. నది మీద రైలు వంతెన, పట్టాల మీద మంచం వేసి సీను తీస్తున్నారు. రైలు కంపెనీ అనుమతి ఇవ్వలేదు. రైలొస్తే తప్పుకోవడానికి అరవై సెకన్లు ఉంటుందని సిబ్బందికి చెప్పారట. రైలొచ్చింది. కెమేరా అసిస్టెంట్ శారా జోన్స్ చనిపోయింది. ఆమెకి 27 ఏళ్ళు, అంటే ఇది చదివే చాలామంది వయసే. మరుసటి ఏడాది మార్చిలో దర్శకుడు నేరం ఒప్పుకుని జైలుకెళ్ళాడు. ఆరోజు ఆ వంతెన మీద రైలు వస్తుందేమో చూడటమే పనిగా, "ఇక చాలు, దిగండి" అని ఆపే అధికారంతో ఒక్క మనిషి కావలసినంత దూరంలో నిలబడి ఉంటే? ఆమె పేరు మీద అక్కడ సెట్ల భద్రత కోసం ఒక ఉద్యమమే వచ్చింది. ఇంత ఖరీదు పెడితే గానీ రాలేదు.

మన హైదరాబాదులో కూడా 2025 జూన్‌లో శంషాబాద్ దగ్గర 'ది ఇండియా హౌస్' సెట్లో నీళ్ళ ట్యాంకు పగిలి ఒక అసిస్టెంట్ కెమేరామన్ బాగా దెబ్బతిన్నాడు. సినిమా కాబట్టి పేపర్లలో వచ్చింది. పెళ్ళి వీడియో తీస్తూ స్టేజీ వెనక నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నవాడి గురించి ఏ పేపరు రాస్తుంది? అందుకే వీటికి లెక్కలుండవు. లెక్కల్లేని చోట సమస్య లేదనుకోవడం మన జబ్బు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. కృష్ణా జిల్లావాళ్ళకి నీళ్ళ గురించి నేను చెప్పడమేంటి అనుకోకండి, నీళ్ళు కెమేరాలోంచి చూస్తే వేరేగా ఉంటాయి. 2014 జూన్ 8న హైదరాబాదు నుంచి టూరుకెళ్ళిన ఇంజినీరింగు విద్యార్థులు 24 మంది హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు గుర్తుందా? నదిలో రాళ్ళ మీద దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. పైన లార్జి డ్యాం నుంచి నీళ్ళు వదిలారు. ప్రమాదం ఎప్పుడూ ఎగువ నుంచి వస్తుంది. ఫొటో తీసేవాడు ఎగువకి చూస్తూ ఉండడు, మనుషుల మొహాలకేసి చూస్తుంటాడు. హెచ్చరికలు సరిగ్గా లేవన్నది ప్రభుత్వం తప్పు, అందులో సందేహం లేదు. కానీ మన ఒడ్డున కూడా ఎగువకి చూసే ఒక మనిషి ఉండాలన్నది దానివల్ల రద్దయిపోదు.

ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెల మీద ఏ ఆదివారమైనా చూడండి, ప్రీ-వెడ్డింగ్ షూటింగులు. తెల్లగౌను, పొగబాంబులు, డ్రోను. బ్యారేజీ నుంచి వదిలే నీరు 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. ఇవి లంక గ్రామాలవాళ్ళకి నోటికొచ్చు. కెమేరా పట్టుకుని దిగేవాళ్ళలో ఎంతమందికి తెలుసో మరి. ఆ మాటకొస్తే మొదటి హెచ్చరిక దాకా ఎందుకు, నాలుగు గేట్లు ఒక అడుగు ఎత్తినా ఇసుకతిన్నెకీ ఒడ్డుకీ మధ్య ఉన్న పాయ మారిపోతుంది. పైగా ఇసుక తవ్విన గుంటలు. మోకాలి లోతు అనుకుని ఒక అడుగు వెనక్కి వేస్తే మనిషి లోతు. ఫొటోగ్రాఫరు ఎప్పుడూ వేసేది ఆ వెనక్కి అడుగే. "ఇంకొంచెం ఫుల్ ఫిగరు రావాలి" అని.

అక్కడికి ఎగువన ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం. అందమైన చోటు, షూటింగులకి పడవలు ఎక్కుతారు. 2017 నవంబరు 12న, కార్తీకమాసం ఆదివారం, అక్కడే పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అనుమతి లేని పడవ. లైఫ్ జాకెట్ వేసుకుంటే చీర కనపడదు, ఫొటో బాగుండదు అంటారు. సరే, ఫొటోలో ఉన్నవాళ్ళ సంగతి పక్కన పెట్టండి. ఫొటో తీసేవాడు ఫొటోలో పడడు కదా! వాడికి జాకెట్ వెయ్యడానికి ఏమిటి అడ్డం?

2024 సెప్టెంబరు 1న బుడమేరు బెజవాడని ముంచింది. వెలగలేరు దిగువన మళ్ళింపు కాలువకి గండ్లు పడి సింగ్‌నగర్ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్ళలో ఉంది. మరునాటికి బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అది కట్టాక ఎప్పుడూ చూడని వరద. ఆ రోజుల్లో టీవీ కెమేరామన్లు నడుంలోతు నీళ్ళలో నడుస్తూ పంపిన బొమ్మలే మనం హైదరాబాదులో, బెంగుళూరులో, డల్లాస్‌లో కూర్చుని రిఫ్రెష్ కొట్టుకుంటూ చూశాం. మా చుట్టాలు ఏ మేడ మీద ఉన్నారో ఆ వీడియోల్లోనే వెతుక్కున్నాం. విలేకరి మొహం కెమేరా వైపు, కెమేరామన్ మొహం విలేకరి వైపు. ఒకసారి ఆలోచించండి, వాళ్ళిద్దరి మధ్యా పూర్తి గుండ్రం ఉంది. కెమేరామన్ వెనక ఏముందో విలేకరికి కనిపిస్తుంది, విలేకరి వెనక ఏముందో కెమేరామన్‌కి కనిపిస్తుంది. ముందే ఒక మాట అనుకుని బయల్దేరితే, ఖర్చు లేకుండా నాలుగు వైపులా కాపలా. కానీ ఇద్దరి బుర్రా వార్త మీదే ఉంటే నీళ్ళకింద మ్యాన్‌హోల్ ఎవరు చూస్తారు? అరడుగు లోతున వేగంగా పారే నీళ్ళు చాలు మనిషిని పడగొట్టడానికి.

2022 జులైలో జగిత్యాల జిల్లాలో వరదలో చిక్కుకున్న కూలీల వార్త కవర్ చేసి తిరిగొస్తూ ఒక టీవీ విలేకరి కారుతో సహా కొట్టుకుపోయి చనిపోయారు. వార్త దగ్గర కాదు, వార్త అయిపోయాక, తిరుగు దారిలో, కల్వర్టు మీద. అంతకు ముందు 2021 సెప్టెంబరులో పక్క రాష్ట్రం ఒడిశాలో మహానది ముండలి బ్యారేజీ దగ్గర ఏనుగుని కాపాడుతుంటే చిత్రీకరించడానికి విపత్తు దళం పడవలోనే వెళ్ళారు ఓటీవీ విలేకరి, కెమేరామన్. పడవ తిరగబడింది. విలేకరి చనిపోయారు, కెమేరామన్ చావు దాకా వెళ్ళి బతికారు. రక్షించేవాళ్ళ పడవలోనే ఉన్నా అంతే. బ్యారేజీ దగ్గర నీటి ఉరవడికి నువ్వు ఏ ఛానెలో తెలీదు.

ఇంక కరెంటు. కొండపల్లి వైపు కోటా, కొండా బాగుంటాయని, రైలు పట్టాలు ఇంకా బాగుంటాయని షూటింగులకి వస్తారు. పట్టాల మీద అనుమతి లేకుండా దిగడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, అది అటుంచండి. పైన తీగలో 25,000 వోల్టులు. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికెళ్తే చాలు, గాల్లోంచే దూకుతుంది. ఆగిన వ్యాగను ఎక్కి మోనోపాడ్ పైకెత్తిన మనిషికి ఆ సంగతి తెలిసేలోపు అయిపోతుంది. పెళ్ళిళ్ళలో జిమ్మీజిబ్ క్రేను కూడా అంతే, కల్యాణమండపం ముందు పదకొండు కేవీ లైను కింద బిగిస్తారు. పగలు చూసుకుని బిగించాలి. మనవాళ్ళు చీకటిపడ్డాక వచ్చి బిగిస్తారు, ఎందుకంటే పొద్దున ఇంకో ఊళ్ళో ఇంకో పెళ్ళి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఆ ఇంకో ఊరు, ఇంకో పెళ్ళే.

మన సుముహూర్తాలు తెలుసుగా, రాత్రి 2 గంటల 47 నిమిషాలు. వీడియో తీసేవాడు పొద్దున పెళ్ళికొడుకుని చేసే దగ్గర మొదలు. సాయంత్రం ఎదుర్కోలు, రాత్రి పెళ్ళి, తెల్లారి అప్పగింతలు. అప్పగింతల్లో ఏడుపులు మిస్సయితే బిల్లులో కోత. తర్వాత కారో బైకో వేసుకుని మైలవరం నుంచి తిరువూరు వైపో, ఇబ్రహీంపట్నం మీదుగా హైవే ఎక్కి ఇంకెటో. 1997లో నేచర్ పత్రికలో డాసన్, రీడ్ అనేవాళ్ళు ఒక ప్రయోగం ఫలితం రాశారు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్నవాడి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానం. 24 గంటలైతే 0.10 దగ్గర. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే, అంటే 0.03, తాగి నడిపినట్టే. లెక్క మీరే వేసుకోండి. అప్పగింతలయ్యాక బండి తీసే వీడియో కుర్రాడు చుక్క తాగకుండానే ఆ హద్దుకి మూడింతలు దాటి ఉంటాడు. ఏ ట్రాఫిక్ ఎస్సై మిషను పెట్టినా సున్నా చూపిస్తుంది.

హాలీవుడ్‌లో 1997లోనే 'ప్లెజెంట్‌విల్' సినిమాకి పనిచేసిన బ్రెంట్ హెర్ష్‌మన్ అనే అసిస్టెంట్ కెమేరామన్ 19 గంటలు పనిచేసి ఇంటికి పోతూ నిద్రపట్టి కారు గుద్దుకుని చనిపోయాడు. హాస్కెల్ వెక్స్‌లర్ అని చాలా పెద్ద ఛాయాగ్రాహకుడు ఆ చావు కదిలించగా, పని గంటల మీద 2006లో ఒక డాక్యుమెంటరీయే తీశాడు. అంత యూనియన్లు ఉన్నచోటే అలా ఉంది. మన దగ్గర మాఘమాసంలో, శ్రావణమాసంలో ఒకే మనిషి వరసగా మూడు రాత్రులు లాగించేస్తాడు. నిద్ర లేకుండా చెయ్యడాన్ని గొప్పగా చెప్పుకుంటారు కూడా. మనమూ రిలీజు రాత్రుల గురించి అలాగే చెప్పుకుంటాం కాబట్టి వాళ్ళని అనడానికి నోరు లేదు. తేడా ఏంటంటే రిలీజయ్యాక మనకి కంపెనీ క్యాబు పంపిస్తుంది.

డ్రోన్ల గురించి క్లుప్తంగా. 2021లో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బులు తీసుకుని ఎగరేసేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, డ్రోన్‌కి నంబరు ఉండాలి. గ్రీన్ జోన్లో అయినా 400 అడుగులు దాటకూడదు, ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఇంకా తక్కువ. మీ ఇంటి పెళ్ళికి ఎగరేసినవాడిని అడిగి చూడండి, నవ్వుతాడు. నేను భయపడేది కాగితాల గురించి కాదు. షామియానా కిందకి తెస్తే డ్రోన్‌కి జీపీఎస్ అందదు, పక్కకి జారిపోతుంది. అప్పుడే ఎగరేసేవాడు తెరకేసి చూస్తుంటాడు. 2015లో ఎన్రికే ఇగ్లేసియాస్ అనే గాయకుడు స్టేజీ మీద తన మీదకొచ్చిన డ్రోన్‌ని చేత్తో పట్టుకోబోతే వేళ్ళు తెగాయి. అదే ఏడాది డిసెంబరులో ఇటలీలో స్కీయింగ్ పోటీలో కెమేరా డ్రోన్ ఒకటి ఆటగాడి వెనకే, తృటిలో తప్పి కుప్పకూలింది. తలంబ్రాలప్పుడు పిల్లలు ఎగిరి పట్టుకోబోయేది సరిగ్గా దాన్నే. ఎగరేసేవాడు తెర చూడాలి, ఇంకొకడు డ్రోన్‌ని చూడాలి. మళ్ళీ అదే రెండో మనిషి.

డీజే గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. లేజర్ లైటు నేరుగా పడితే కెమేరా సెన్సరు కాలిపోతుందని వీడియో వాళ్ళందరికీ తెలుసు, కెమేరాని పక్కకి తిప్పేసుకుంటారు. కంటికి కూడా అదే జరుగుతుందని మాత్రం ఎవరూ పట్టించుకోరు. సెన్సరు ఖరీదు ఎక్కువ అనుకుంటా.

ఇదంతా స్టూడియోల వాళ్ళకి చెప్పాలిగానీ మాకెందుకు అంటారా? మా ఊళ్ళో స్టూడియో నడిపే ఒకాయన ఉన్నారు, నేను అన్నా అని పిలుస్తాను. ఇదే మాట ఆయనతో అంటే ఆయన చెప్పిన జవాబు ఇది: "తమ్ముడూ, ఒక హెల్పర్‌ని అదనంగా తీసుకెళ్ళనా? తీసుకెళ్తా. కానీ కొటేషన్లో ఆ ముక్క కనపడిందంటే మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళే ముందు కొట్టేస్తారు. 'ఈయనేం చేస్తాడండీ' అంటారు. కెమేరా ఏ మోడలు, 4కేనా 8కేనా అని గంటసేపు అడుగుతారు. కెమేరా పట్టుకునే మనిషి ఎన్ని గంటలు నిద్రపోయాడని ఇంతవరకు ఒక్కళ్ళు అడగలేదు."

ఏం చెప్తాం? నిజమే. పెళ్ళి వీడియో మార్కెట్టు మన జీతాల చుట్టూనే పెరిగింది. ప్రీ-వెడ్డింగ్, టీజరు, అమెరికాలో ఉన్న బాబాయి కోసం లైవు, హల్దీకి విడిగా రీలు.. ఇవన్నీ అడిగింది మనవాళ్ళే. ప్యాకేజీలో పనులు నాలుగింతలయ్యాయి, మనుషులు సగమయ్యారు. కోడ్ రివ్యూ లేకుండా ప్రొడక్షన్‌కి పంపిస్తే గుండెలు బాదుకునేవాళ్ళం, ఒంటరిగా వెనక్కి నడిచే మనిషిని మన పెళ్ళిలో చూసి ఆనందంగా అక్షింతలు వేస్తాం.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవడానికి కూడా లేదు. వృత్తి భద్రత కోడ్ 2020లో చేశారు, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఆడియో-విజువల్ పనివాళ్ళ ప్రస్తావన ఉంది, సంతోషం. కానీ ఆ కోడ్ స్థూలంగా పదిమందో అంతకంటే ఎక్కువో పనిచేసే చోట్లకి. మైలవరంలో స్టూడియో అంటే ఒక అన్న, ఒక తమ్ముడు, సీజన్లో ఇద్దరు కుర్రాళ్ళు. కాబట్టి వాళ్ళ దగ్గర చట్టం చేసే పని, డబ్బులిచ్చేవాడే చెయ్యాలి. వేరే దారి నాకు కనపడట్లేదు.

నేను కోరేది పెద్దదేం కాదు. వీడియో బుక్ చేసేటప్పుడు కొటేషన్లో రెండో మనిషి ఉన్నాడా అని అడగండి, లేకపోతే మీరే చేర్పించండి. పద్దెనిమిదేళ్ళు నిండినవాడై ఉండాలి, చేతిలో కెమేరా ఉండకూడదు. కెమేరా ఇస్తే వాడూ ఫ్రేములోకి వెళ్ళిపోతాడు, మళ్ళీ మొదటికొస్తుంది కథ. "ఆపండి" అని వాడు అంటే ఊరేగింపు ఆగాలి, ఆ సంగతి పెళ్ళిపెద్దకి ముందే చెప్పండి. మావైపు ఒక హెల్పరు రోజుకూలి, మీ భోజనాల్లో ఒక బంతిలో మిగిలిపోయే ఐస్‌క్రీముల ఖరీదు ఉండదు. జనరేటరు పెట్టేవాడిని 30 మిల్లీయాంపుల ఆర్సీసీబీ ఉందా అని అడగండి, అది వీడియోవాడికే కాదు, నీళ్ళ చేతుల్తో తిరిగే వంటవాళ్ళకి కూడా పనికొస్తుంది. అప్పగింతలయ్యాక వీడియో వాళ్ళకి విడిదిలో ఒక గది నాలుగు గంటలు వదిలెయ్యండి. ఎలాగూ చుట్టాలు ఖాళీ చేసిన గదులే. అలాగే భోజనం అందరికంటే చివర్న పెట్టకండి. రాత్రి పదకొండుకి మిగిలిన పులిహోర తిని వెనక్కి నడవడం కష్టం.

కొందరు అంటారు, ఇప్పుడు ఫోన్లలోనే అన్నీ తీసేస్తున్నారు, ఈ వీడియో వాళ్ళే ఉండరు అని. అలాగైతే ఇంకా భయం. అప్పుడు వెనక్కి నడిచేది మనమే, అనుభవం లేకుండా. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు వరకు ప్రపంచం మొత్తం మీద పత్రికల్లో వచ్చిన సెల్ఫీ మరణాలు ఏరి ఎయిమ్స్ వాళ్ళు 2018లో ఒక అధ్యయనం వేశారు. 259 మంది. ఎక్కువమంది మన దేశంలోనే. కారణాల్లో మొదటిది నీళ్ళలో మునగడం. వాళ్ళెవరూ వృత్తి ఛాయాగ్రాహకులు కాదు.

చివరిగా ఒక లెక్క. కెమేరాకి ఇన్సూరెన్స్ ఉందా అని మా స్టూడియో అన్నని అడిగితే ఉందన్నారు, లెన్సులతో సహా. మీకు? అంటే కాసేపు ఆలోచించారు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన అని ఒకటుంది. బ్యాంకు ఖాతా ఉండి, 18 నుంచి 70 ఏళ్ళ లోపు ఎవరికైనా ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో పోతే ఇంటివాళ్ళకి 2 లక్షలు. ఎక్కువేం కాదు, ఆయన రెండు కెమేరాల ఖరీదు కూడా రాదు. అయినా ఆయనకీ, ఆ ఇద్దరు కుర్రాళ్ళకీ కలిపి 60 రూపాయలు. మీ పెళ్ళి వీడియో తియ్యబోయే వాళ్ళకి అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి. జూన్ 1 నుంచి కొత్త ఏడాది మొదలవుతుంది, మే నెలాఖరుకి ఖాతాలో ఆ ఇరవై రూపాయలు ఉండేట్టు చూసుకోమనండి.